అది అసలు మాటేనా? – ఆంగ్ల నిఘంటువుల తగవు మనకు నేర్పేది



నాకు అప్పగించిన అంశం భాషాహక్కులు, చట్టం. అయినప్పటికీ ఈరోజు నేను ముందుగా మన భాషను గాక ఆంగ్లభాషను గురించి మాట్లాడదలచుకొన్నాను. అందుకు కారణమున్నది. ఫలానా మాట తెలుగేనా, అది అసలు మాటేనా అన్న తగవు మనలో తలెత్తినప్పుడల్లా, ‘ఇంగ్లీషులో ఇటువంటి గందరగోళం ఉండదు, అక్కడ నిఘంటువు చెప్పినదే వేదం’ అని చదువుకొన్నవారు సైతం అనడం పలుమార్లు విన్నాను. ఆ నమ్మకం సరైనది కాదు. ఆంగ్లంలో ఈ తగవు రెండున్నర శతాబ్దాలకు పైబడి సాగుతున్నది. అది పత్రికల సంపాదకీయాలకెక్కినది. అమెరికా సుప్రీంకోర్టు తీర్పులో చోటు చేసుకొన్నది. బడిపిల్లల పక్షాన వేసిన దావాలో కూడ నిలిచినది. ఈ చరిత్రను ఒక న్యాయవాదిగా చదివినప్పుడు నాకు తోచిన విషయాలను మీ ముందుంచుతాను.

ఒక మాట, మూడు ప్రశ్నలు

ఆంగ్లంలో ‘రిగార్డ్‌లెస్’ అనే మాట మనందరికీ తెలిసినదే. ‘దేనినీ లెక్కచేయక’ అని దానికి అర్థం. అదే అర్థంలో ‘ఇర్రిగార్డ్‌లెస్’ అని వాడేవారు అమెరికాలో చాలామంది ఉన్నారు. చివరనున్న ‘లెస్’ ఒక వ్యతిరేకార్థం, మొదట చేర్చిన ‘ఇర్’ మరొక వ్యతిరేకార్థం. రెండు ‘కాదు’లు కలిస్తే ‘అవును’ కావాలి గదా, కనుక ఇది మాటే కాదు అని ఆంగ్ల ఉపాధ్యాయులు తరతరాలుగా దానిని కొట్టివేస్తూ వచ్చారు. 2020 జూలైలో ఈ మాట మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువులో ఉన్నదని తెలిసి అమెరికాలో పెద్ద గగ్గోలు పుట్టినది. ఆ నిఘంటువువారి సమాధానం చాల సూటిగా ఉన్నది. ఆ మాటను తామేమీ కొత్తగా చేర్చలేదనీ, 1934 నాటి తమ పెద్ద నిఘంటువులోనే అది ఉన్నదనీ, దానిపక్కన ‘ప్రామాణికం కాదు’ అన్న గుర్తు కూడ ఉన్నదనీ వారు చెప్పారు. దాని వాడుక 18వ శతాబ్దం చివరి నాటిదని కూడ గుర్తుచేశారు.

రెండు వ్యతిరేకార్థాల వాదం ఎంతదూరం నిలుస్తుందో చూడండి. ‘లూజ్’ అంటే విప్పు, ‘అన్‌లూజ్’ అన్నా విప్పడమే. ‘రావెల్’ అన్నా, ‘అన్‌రావెల్’ అన్నా చిక్కు విడదీయడమే. వీటిని ఎవరూ తప్పుపట్టలేదు. తర్కం ఒక్కటే కొలబద్ద అయితే ఇవి కూడ వెలిపడవలసినవే. మన భాషలో ‘నడుమ’ చాలదన్నట్లు ‘నట్టనడుమ’ అంటాము. ఒకే అర్థం రెండుసార్లు వచ్చినదని ఎవరూ అభ్యంతరపెట్టలేదు సరిగదా, వ్యాకరణం దానికి సూత్రమే చెప్పినది. భాషలో మాటలు బలం కోసం ఇనుమడించడం సహజం.

ఈ తగవులో మూడు వేరువేరు ప్రశ్నలు ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉన్నాయి. ఈ మాట మనుషుల నోళ్ళలో, వ్రాతలలో ఉన్నదా? ఇది మొదటి ప్రశ్న. ఇది ఏ సందర్భంలో, ఎవరి దృష్టిలో మన్నన పొందినది? ఇది రెండవది. దీనిని నేను వాడవచ్చునా? ఇది మూడవది. మొదటిది వాస్తవానికి సంబంధించినది, రెండవది సమాజానికి సంబంధించినది, మూడవది ఔచిత్యానికి సంబంధించినది. ‘అది మాటే కాదు’ అనేవారు మూడవ ప్రశ్నకు తమ సమాధానాన్ని మొదటి ప్రశ్నకు సమాధానంగా చెబుతున్నారు.

న్యాయస్థానంలో పనిచేసేవారికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. ఒక కాగితాన్ని ఎగ్జిబిట్‌గా మార్కు చేసినంత మాత్రాన అందులోని విషయం రుజువైనట్లు కాదు. కాగితం రికార్డులోకి వచ్చినదని మాత్రమే దాని అర్థం. దాని విలువ ఎంత అన్నది తరువాత వాదనలో తేలుతుంది. నిఘంటువులో ఒక మాట చేరడం కూడ అటువంటిదే. అది మార్కు చేయడం వంటిది. దాని పక్కనుండే ‘మాండలికం’, ‘గ్రామ్యం’, ‘ప్రామాణికం కాదు’ అనే గుర్తులు దాని విలువను గురించిన వ్యాఖ్య. విలువ తక్కువగా కనబడినదని కాగితాన్నే రికార్డునుండి చించివేయమని ఏ న్యాయవాదీ అడుగడు.

నిఘంటుకారుని పని ఏమిటి?

ఈ వివేకం ఆంగ్లేయులకు ఒక్కనాడు కలిగినది కాదు. 1755లో శామ్యూల్ జాన్సన్ సుమారు 42 వేల పదాలతో తన మహానిఘంటువును వెలువరించాడు. తనకు నచ్చని మాటలకు ‘నీచ’మని ముద్రవేయడానికి ఆయన వెనుకాడలేదు. అయినా వాటిని తన పుస్తకంలో చేర్చాడు. భాషను ఒకచోట కట్టివేయవచ్చునన్న ఆశతో పని మొదలుపెట్టిన ఆయన, అది మానవసాధ్యం కాదని ఆ పుస్తకపు పీఠికలోనే ఒప్పుకొన్నాడు.

తరువాత వందేండ్లకు, 1857లో, లండన్ ఫిలలాజికల్ సొసైటీలో రిచర్డ్ షెనివిక్స్ ట్రెంచ్ చేసిన ప్రసంగాలు కొత్త దారి చూపాయి. నిఘంటుకారుడు భాషకు చరిత్రకారునిగా ఉండాలి, మంచిచెడులు నిర్ణయించే విమర్శకునిగా కాదన్నది ఆయన వాదం. ఆ వాదంనుండి పుట్టినదే ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు. 1884లో తొలి భాగం వెలువడి, 1928లో పూర్తి అయినది. నాలుగు లక్షలకు పైగా మాటలున్న ఆ గ్రంథాన్ని ప్రధాన సంపాదకుడు జేమ్స్ మర్రే ఒక్కడే కూర్చోబెట్టి వ్రాసినది కాదు. దేశదేశాలనుండి సామాన్య పాఠకులు తాము చదివిన పుస్తకాలలోని వాక్యాలను చిన్న చిన్న చీటీలపై వ్రాసి ఆయనకు పంపారు. మాట, అది వచ్చిన వాక్యం, పుస్తకం పేరు, సంవత్సరం. ఆ చీటీలే ఆ నిఘంటువుకు ఆధారం. ఈ చీటీల సంగతిని మీరు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

1961 నాటి రగడ

అమెరికాలో ఈ తగవు పరాకాష్ఠకు చేరినది 1961లో. ఆ ఏడు ఫిలిప్ గోవ్ సంపాదకత్వంలో వెబ్‌స్టర్ మూడవ కొత్త అంతర్జాతీయ నిఘంటువు వెలువడినది. అందులో నాలుగున్నర లక్షల పదాలున్నాయి. వాటిలో ఒక్క మాట మీద దేశమంతా విరుచుకుపడినది. ఆ మాట ‘ఏంట్’. ‘కాదు’, ‘లేదు’ అనే అర్థంలో అమెరికా సామాన్యుల నోట నిత్యం వినవచ్చే మాట అది. ఒకప్పుడు ఇంగ్లండులోని ఉన్నత కుటుంబాలవారు సైతం నిస్సంకోచంగా వాడినదే. కాలక్రమంలో అది నిరక్షరాస్యులకు, శ్రామికులకు, నల్లజాతివారికి గుర్తుగా మారినది. గోవ్ నిఘంటువు ఆ మాటను చాలమంది ఒప్పుకోరనీ, తక్కువ చదువుకొన్నవారి నోట ఎక్కువగా వినిపిస్తుందనీ చెబుతూనే, చదువుకొన్నవారు కూడ మాటలలో దానిని వాడుతున్నారని నమోదు చేసినది. పత్రికలు మొదటి సగాన్ని వదలి రెండవ సగాన్ని పట్టుకొన్నాయి. న్యూయార్క్ టైమ్స్ పత్రిక సంపాదకీయంలో ఖండించి, తాము పాత కూర్పునే అనుసరిస్తామని ప్రకటించినది. ద్వైట్ మెక్‌డొనాల్డ్, విల్సన్ ఫాలెట్ వంటి రచయితలు ఆ నిఘంటువును దుయ్యబట్టారు. జేమ్స్ పార్టన్ అనే ప్రచురణకర్త ఆ కంపెనీనే చేజిక్కించుకొని గ్రంథాన్ని ఉపసంహరింపజేయాలని చూశాడు. అది సాగక, 1969లో అమెరికన్ హెరిటేజ్ నిఘంటువును వెలువరించాడు. సందేహాస్పదమైన వాడుకలపై తీర్పు చెప్పడానికి సుమారు వందమంది రచయితలు, వక్తలు, పండితులతో ఒక మండలిని దానికి ఏర్పరచారు.

విచిత్రమేమంటే ఆ మండలిని పెట్టినప్పటికీ ‘ఏంట్’ చావలేదు. అప్పుడు మాట్లాడినవారు ఇప్పుడూ మాట్లాడుతున్నారు.

ఈ రగడ న్యాయస్థానం దాకా వచ్చినది. 1994లో ఎం.సి.ఐ., ఏ.టి. అండ్ టి. అనే రెండు టెలిఫోన్ కంపెనీల మధ్య వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టు ముందుకు వచ్చినది. ఛార్జీల వివరాలను దాఖలు చేయాలన్న నియమాన్ని ‘మాడిఫై’ చేసే అధికారం చట్టం ఒక ప్రభుత్వ కమిషన్‌కు ఇచ్చినది. ఆ అధికారంతో కమిషన్, కొన్ని కంపెనీలు దాఖలు చేయనక్కరలేదని చెప్పినది. ‘మాడిఫై’ అంటే కొద్దిపాటి సవరణా, మౌలికమైన మార్పు కూడనా? వెబ్‌స్టర్ మూడవ నిఘంటువు మౌలికమైన మార్పు అనే అర్థాన్ని కూడ ఇచ్చినది. న్యాయమూర్తి స్కాలియా వ్రాసిన మెజారిటీ తీర్పు దానిని తోసిపుచ్చినది. జనసామాన్యపు పొరపాటును సరైన వాడుకగా చూపినదన్న విమర్శ ఆ నిఘంటువుపై 1961లోనే వచ్చినదని తీర్పులోని అధోజ్ఞాపికలో గుర్తుచేశాడు. మాటల తగవులో ఎవరు గెలిచారన్నదాన్నిబట్టి కోట్ల డాలర్ల వ్యాపారపు నియమాలు మారిపోయాయి. కనుక ఇది పండితుల కాలక్షేపం అనుకోరాదు.

బడిపిల్లల దావా

కంపెనీలు తమ సంగతి తాము చూసుకోగలవు. ఈ తగవు నిజంగా గాయపరచినది పిల్లలను. మిషిగన్ రాష్ట్రంలో ఆన్ ఆర్బర్ అనే పట్టణం ఉన్నది. అక్కడ మార్టిన్ లూథర్ కింగ్ పేరుతో ఉన్న ప్రాథమిక పాఠశాలలో చదివే పేద నల్లజాతి పిల్లల పక్షాన 1977లో దావా పడినది. ఇంట్లో తాము మాట్లాడే నల్లజాతి ఆంగ్లాన్ని ఉపాధ్యాయులు తప్పుల కుప్పగా చూస్తున్నారనీ, అందువలన పిల్లలు చదవడం నేర్చుకోలేక వెనుకబడుతున్నారనీ వారి వాదన. విలియం లబోవ్, జెనీవా స్మిదర్‌మన్ వంటి భాషావేత్తలు వారికి తోడ్పడ్డారు. 1979 జూలైలో న్యాయమూర్తి చార్లెస్ జాయినర్ తీర్పు చెప్పాడు. సమాన విద్యావకాశాల చట్టం కింద పాఠశాలకు బాధ్యత ఉన్నదన్నాడు. ఆ పిల్లల ఇంటిభాషను ఉపాధ్యాయులు గుర్తించి, ఆ జ్ఞానంతోనే వారికి ప్రామాణిక ఆంగ్లాన్ని చదవడం నేర్పాలి, అందుకు ఒక ప్రణాళికను ముప్పై రోజులలో దాఖలు చేయాలి అని ఆదేశించాడు.

ఈ తీర్పును జాగ్రత్తగా చదవాలి. ప్రామాణిక ఆంగ్లం అక్కరలేదని ఆయన అనలేదు. ఇంటిభాషను పాఠ్యపుస్తకంలో పెట్టమని కూడ అనలేదు. ఇంటిభాషను తప్పుగా భావించే చూపే చదువుకు అడ్డుగోడ అవుతున్నదని అన్నాడు. 1996 డిసెంబరులో కాలిఫోర్నియాలోని ఓక్‌లండ్ పాఠశాలల బోర్డు ఇదే మార్గంలో తీర్మానం చేస్తే దేశమంతటా ఎగతాళి చేశారు. మరుసటి నెల, 1997 జనవరిలో, అమెరికా భాషాశాస్త్ర సమాజం ఆ నుడికి కూడ తనదైన వ్యవస్థ, నియమాలు ఉన్నాయని తీర్మానించి అండగా నిలిచినది.

ఇప్పుడు 1961 నాటి రగడను మరొకసారి చూడండి. ‘ఏంట్ మాట కాదు’ అన్న వాక్యం ఒక మాటపై తీర్పుగా కనిపిస్తుంది. ఆన్ ఆర్బర్ తరగతి గదిలో అదే వాక్యం ఆ మాట పలికిన బిడ్డపై తీర్పుగా పడినది.

ఎదుటి పక్షపు వాదం

ప్రామాణికభాష కావాలనేవారి వాదంలో బలం లేదని నేననను. శాసనం వ్రాయాలంటే, ఒప్పందం వ్రాయాలంటే, దూరప్రాంతాలవారు ఒకరికొకరు అర్థం కావాలంటే, నలుగురికీ తెలిసిన ఒక రూపం కావాలి. పేదల బిడ్డకు ఆ రూపం నేర్పకపోవడం మేలు చేయడం కాదు, ఉద్యోగాలకు దారి మూయడమే. ఫలానా మాట వాడితే పరీక్షలోను, ఇంటర్వ్యూలోను చిన్నచూపు చూస్తారని చదువరికి చెప్పడం కూడ నిఘంటువు కర్తవ్యమే. అందుకే గుర్తులు ఉండాలి, అవి నిజాయతీగా ఉండాలి. నేను అభ్యంతరపెట్టేది గుర్తు పెట్టడానికి కాదు, ఉన్నమాటను లేదనడానికి.

ఉన్నమాటను లేదనడంలో పక్షపాతం ఎంతగా పనిచేస్తుందో మన దేశపు ఆంగ్లాన్ని చూస్తే తెలుస్తుంది. ‘పోస్ట్‌పోన్’కు ఎదురుగా మనవారు ‘ప్రీపోన్’ అంటే, అటువంటి మాట లేదని నవ్వినవారున్నారు. నేడది భారతీయ ఆంగ్లమన్న గుర్తుతో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులలో ఉన్నది. 2016లో ‘అయ్యో’, 2017లో ‘అన్న’ అనే పిలుపు ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువులో చేరాయి. ఇంకా ముందే, మన పొలాలలోని పందికొక్కు ‘బ్యాండికూట్’గా ఆంగ్లంలో స్థిరపడినది. మాటను పట్టుకొనిపోయినవాడు పాలకుడైతే అది పదసంపద, పాలితుడు ఒక మాటను కల్పించుకొంటే అది తప్పు. ఈ తేడాకు భాషాశాస్త్రంలో ఆధారం లేదు.

మన సంగతి

ఈ చర్చకు మనకూ ఉన్న సంబంధం నేను కల్పించినది కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుకభాష కోసం ఉద్యమించడంలో, ఆంగ్లేయుడైన పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ. యేట్స్ ప్రమేయం ఉన్నది. ప్రజల నోట ఒక తెలుగు, పుస్తకంలో మరొక తెలుగు ఎందుకున్నదని 1906 ప్రాంతంలో ఆ దొర అడిగిన ప్రశ్న గిడుగువారి దాకా వచ్చినది. హెన్రీ స్వీట్ వంటి ఆంగ్ల భాషావేత్తల రచనలను గిడుగువారు శ్రద్ధగా చదివారు. ఆ పర్లాకిమిడి 1936నుండి ఒడిశాలో ఉన్నది. వాడుకభాషోద్యమం పుట్టిన ఊరు నేడు మన బయటి తెలుగువారి ఊరు. అంతకు ముందే బ్రౌను దొర 1852 నాటి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువుతో తృప్తిపడక, తెలుగులో వాడుకలో ఉన్న అన్యదేశ్యాలకు 1854లో వేరుగా మిశ్రభాషా నిఘంటువు కూర్చాడు. దావా, జామీను, వకీలు వంటి మాటలు లేకుండా మా వృత్తి ఒక్కరోజు గడవదు.

అమెరికాలో రగడ జరుగుతున్న రోజులలోనే, 1962లో, భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలతో వచ్చినది. రైతు నోటిమాటను ఊరిపేరుతో సహా గౌరవంగా నమోదు చేసిన మహత్కార్యమది. అయితే ఆ సర్వేక్షణ ఆనాటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలకు పరిమితమైనది. హోసూరు, బళ్ళారి, కోలారు, బరంపురం, చంద్రపూరు రైతుల మాటలు ఆ రికార్డులో మార్కు కాలేదు.

రికార్డులో లేనిదాన్ని లేదనడం తేలిక. తెలుగు విభాగం తెరిపించమని అర్జీ పెట్టిన తల్లిదండ్రులతో ఒక అధికారి, ‘మీ ఇళ్ళలో మాట్లాడేది కలగాపులగం, అది తెలుగే కాదు గదా’ అన్నప్పుడు నేనక్కడ ఉన్నాను. మరొకచోట బిడ్డ పలకపై ‘మడక’ అని వ్రాస్తే తెలుగు ఉపాధ్యాయుడే దానిని కొట్టివేసి ‘నాగలి’ అని దిద్దాడు. మడక రాయలసీమ రైతులకు పుట్టుకనుండి తెలిసిన మాట. పొరుగువారు మన మాటను పరాయిదంటున్నారు, మనవారు దానిని తప్పంటున్నారు. ఆ బిడ్డ ఏ భాషలో మాట్లాడాలి?

చట్టం విషయంలో మనం ధైర్యంగా ఉండవచ్చు. రాజ్యాంగం 29వ అధికరణం మొదటి ఖండం తనదైన భాష, లిపి లేదా సంస్కృతి ఉన్న ఏ పౌరవర్గానికైనా దానిని కాపాడుకొనే హక్కు ఇచ్చినది. 1956లో చేరిన 350-ఏ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించమన్నది. ఈ రెండింటిలోను ‘ప్రామాణిక’ అన్న విశేషణం లేదు. 1971లో డి.ఎ.వి. కళాశాల, పంజాబు రాష్ట్రం మధ్య వ్యాజ్యంలో మన సుప్రీంకోర్టు, భాషా అల్పసంఖ్యాకులకు వేరుగా మాట్లాడే భాష ఒకటుంటే చాలు, వేరే లిపి ఉండనవసరం లేదన్నది. బిడ్డ మాతృభాష ఏదో నిర్ణయించుకోవలసినది తల్లిదండ్రులేనని 2014లో కర్ణాటక వ్యాజ్యంలో చెప్పినది. మాట్లాడే భాషే మన హక్కుకు పునాది అయినప్పుడు, మాట్లాడే మాటలను మనమే తక్కువచేయడం మన పునాదిని మనం త్రవ్వుకోవడమే.

అందుచేత ఈ సభకు ఒక పని అప్పగించి ముగిస్తాను. మర్రేకు చీటీలు వ్రాసి పంపినవారు పండితులు కారు, మీవంటి చదువరులు. మీ ఇంట, మీ పొలంలో, మీ మగ్గం దగ్గర వినిపించే మాటలలో, తెలుగు పాఠ్యపుస్తకాలలో కనబడనివాటిని ఒక్కొక్క చీటీపై వ్రాయండి. మాట, అది వచ్చిన పూర్తి వాక్యం, చెప్పినవారి వయసు, వృత్తి, ఊరు, తేదీ. దానిపక్కన తప్పు, ఒప్పు అని వ్రాయవద్దు. అది కన్నడంనుండి వచ్చినదా, తమిళంనుండి వచ్చినదా, ఒడియానుండి వచ్చినదా అన్న వెరపు వద్దు. ఆ విచారణ తరువాత చేయవచ్చు. ప్రతి శాఖ ఈ ఏడాది ఐదువందల చీటీలు కూర్చి ఈ పత్రికకు పంపగలిగితే, రేపు తెలుగు బడి కోసం అర్జీ పట్టుకొని వెళ్ళే తల్లిదండ్రుల చేతిలో, నావంటి న్యాయవాది చేతిలో, చూపడానికి ఒక రికార్డు ఉంటుంది. మా అమ్మానాన్నలు ఇంకా ఆ మాటలు మాట్లాడుతున్నారు. వారుండగానే మొదలుపెడదాం.

సెలవు.